నాలుగో పొట్లం

జనవరి 6

అత్తయ్యా,

"పూజ్యులైన" అని మొదలుపెట్టి కొట్టేశాను. అది చదివి మీరు "ఎవరికి రాసిందో పాపం, నాకు వచ్చింది" అంటారని భయమేసింది. ఫోన్ చేద్దామంటే, "మా అక్క చెవులు ఆవిడకంటే ముందే రిటైరయ్యాయి" అన్నారు నాన్న. అందుకే ఉత్తరం. నిజం చెప్పాలంటే నాకు ఉత్తరమే ఇష్టం. ఫోన్‌లో మాట జారిపోతుంది. కాగితం మీదైతే కాసేపు కూర్చుంటుంది.

అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడాది నాకు కెమిస్ట్రీ ఒక్కటే పోయిందని మీకు తెలుసు. తెలియనిది ఇది: వచ్చే ఏడాది నుంచి సిలబస్ మారుతోంది. పాత సిలబస్ వాళ్ళకి ఈ మార్చిలో జరిగేదే ఆఖరి పరీక్ష. ఈసారీ పోతే కెమిస్ట్రీతో ఆగదు, పాసైన సబ్జెక్టులు కూడా లెక్కలోకి రావు. రెండేళ్ళ ఇంటరూ మళ్ళీ మొదటినుంచి చదవాలి. దానికి నాన్న ఒప్పుకోరు. "పోతే మా కంపెనీ చెకింగ్ సెక్షన్లో చోటుంది. కూర్చుని చేసే పనే" అని ముందే చెప్పేశారు. కుట్టు కంపెనీలో కటింగ్ మాస్టరు కదా, గుడ్డయినా మాటయినా ఆయన కత్తెర పడ్డాక మళ్ళీ అతకదు.

థియరీ అంటే ఇప్పుడు భయం లేదు. ఈ మధ్య పుస్తకంలో మాటలతో ప్రేమలో పడ్డాను. "ఉత్పతనం" అనే మాట విన్నారా? ఘనపదార్థం కరగకుండా, నీరు కాకుండా, నేరుగా ఆవిరై లేచిపోవడం. మధ్యలో మెట్లు లేవు! పోయిన ఏడాది బట్టీ పట్టాను, ఈ ఏడాది చదువుతున్నాను. తేడా నాకే తెలుస్తోంది.

భయమంతా ప్రాక్టికల్స్ గురించి. ప్రైవేటుగా కట్టినవాళ్ళకి ఒకటే ప్రశ్న. తెలియని లవణం ఒకటి చేతిలో పెడతారు. గంటన్నరలో అదేమిటో కనిపెట్టి రాయాలి. ఇందులో విడిగా పాసవ్వాలి. పోయినసారి చెయ్యి వణికి టెస్ట్‌ట్యూబు బద్దలు కొట్టాను. లవణంలో సగం సింకులోకి, మార్కులన్నీ దాని వెనకే.

ట్యుటోరియల్లో కెమిస్ట్రీ మేడమ్ ప్రసవానికి సెలవు పెట్టారు. బదులుగా వచ్చిన లెక్కల సారు "నన్ను ఎక్కాలు అడుగు, ఆమ్లాలు అడక్కు" అంటారు. ఆదివారం మాత్రం ల్యాబ్ తాళం నాకిస్తారు. సీసాలున్నాయి, స్పిరిట్ దీపం ఉంది. చెప్పేవాళ్ళే లేరు.

మీరు ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేశారు. పరీక్షల లవణాలన్నీ మీ చేతిమీదుగానే వెళ్ళేవని మా చిన్నప్పుడు చెప్పేవారు. ఆ చెయ్యి నాకు ఒక్క రెండు నెలలు అరువివ్వండి.

మీరే పేరు పెట్టిన,
మాటలమూట

---

జనవరి 14

కోడలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి సంగతి కోసం, ఒకసారి మాటల కోసం, ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని.

నాది ఎనిమిదో తరగతి చదువు. ఫార్ములాలు అడక్కు. కానీ తెల్లపొడి కనిపిస్తే దాని ఇంటిపేరు చెప్పగలను. మా లెక్చరరమ్మ "నీకు సర్టిఫికెట్ లేదు కానీ, ఉంటే నా ఉద్యోగం పోయేది" అనేది. నేను తూచి ఇచ్చిన లవణాలతో పరీక్ష రాసిన పిల్లలు ఇవాళ డాక్టర్లు, ఇంజినీర్లు. నేనేమో గుమ్మం పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. మన ఇంట్లోంచి ఒక్కతైనా ఆ బల్ల దగ్గర నిలబడి పాసవ్వాలని నాకెప్పటినుంచో ఉంది. మీ నాన్నకి చెప్పకు, నవ్వుతాడు.

దీంతోపాటు ఆరు పొట్లాలు పంపిస్తున్నాను. రిటైరైన రోజు సీసాల అడుగున మిగిలింది తీసుకెళ్ళమని వాళ్ళే ఇచ్చారు, దొంగతనం కాదు. ఏ పొట్లంలో ఏముందో చిట్టా నా దగ్గరే ఉంటుంది. నువ్వు పరీక్షలు చేసి పేర్లు రాసి పంపు. తప్పో ఒప్పో నేను చెప్తాను.

పొట్లాల మీద అంకె ఉండదు. అంకె వేస్తే పిల్లలు సైగలు చేసుకుంటారు, "నాది మూడు, నీదేంటే?" అని. అందుకని మూలన సన్నటి మడతలు పెట్టేదాన్ని. ఒక మడతుంటే ఒకటో నంబరు, ఆరుంటే ఆరు. వేలితో తడిమితే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళలో నా మడత ఒక్కటీ విడలేదు. గాలికీ విడలేదు, గొడవకీ విడలేదు.

నాలిక మీద మాత్రం వేసుకోకు. ఒక పిల్ల వేసుకుంది. ఇప్పటికీ నేను బజార్లో ఎదురుపడితే నాలిక కరుచుకుంటుంది.

టెస్ట్‌ట్యూబుని పట్టకారుతో పట్టుకునేటప్పుడు ఊపిరి బిగబట్టకు. చెయ్యి వణికేది అందుకే.

అత్తయ్య

---

జనవరి 27

గురువుగారైన అత్తయ్యా,

పార్శిల్ వచ్చింది! తపాలా సంచిలో తడిసినట్టుంది, కవరు ఒక పక్క మెత్తగా అయింది. నాలుగు పొట్లాలు బాగున్నాయి. రెండింటి మూలలు మాత్రం విచ్చుకున్నాయి, వేలికి ఏమీ తగల్లేదు. గీతలు చూసి ఒకటి నాలుగు, ఇంకోటి ఐదు అని పెన్సిలుతో రాసేసుకున్నాను. మీ మడతలకి కూడా జలుబు చేసింది, అత్తయ్యా!

రెండు ఆదివారాలు ల్యాబులోనే ఉన్నాను. అక్కడ ఒక కిటికీ ఉంది, దాని రెక్క మూయడానికి రాదు. కింద సైకిలు షాపువాడు రోజంతా రిమ్ములు సరిచేస్తూ ఉంటాడు. ఆ టింగుటింగుల మధ్య నేను చుక్కలు లెక్కపెట్టాను. ఒక్క ట్యూబు కూడా పగల్లేదు. ఊపిరి వదిలితే చెయ్యి వణకదని పుస్తకంలో ఎందుకు రాయరు?

ఇవిగో నా జవాబులు.

ఒకటి: కాపర్ సల్ఫేట్. నీలంగా ఉంది కాబట్టి ఇది మీరు నాకిచ్చిన చాక్లెట్ అనుకుంటున్నాను.

రెండు: అమ్మోనియం క్లోరైడ్. వేడిచేస్తే తెల్లటి పొగలా లేచి ట్యూబు పైఅంచున మళ్ళీ పేరుకుంది. ఉత్పతనం! నా మాట నా కళ్ళముందు జరిగింది. బల్లమీద చప్పట్లు కొట్టాను. సైకిలు షాపతను తలెత్తి చూశాడు.

మూడు: సోడియం కార్బొనేట్. ఆరు: కాల్షియం కార్బొనేట్. రెండూ ఆమ్లం తగలగానే బుసబుసలాడాయి, కానీ మూడోది నీళ్ళలో కరిగింది, ఆరోది కరగలేదు.

ఇక నాలుగు, ఐదు. రెండూ తెల్లటి పలుకులే, కవల పిల్లల్లా ఉన్నాయి. రెండూ సల్ఫేట్లే, బేరియం క్లోరైడ్ వేస్తే రెండూ తెల్లబడ్డాయి. తేడా ఎక్కడ తెలిసిందంటే కాస్టిక్ సోడా దగ్గర. నాలుగో దాంట్లో రెండు చుక్కలు వేస్తే తెల్లటి మడ్డిలా అవక్షేపం వచ్చింది. ఇంకా వేస్తే, అత్తయ్యా, అది పోయింది! ఎవరో లోపలికి పిలిచినట్టు మెల్లగా వెళ్ళిపోయింది. "అధిక క్షారంలో కరుగును" అని పుస్తకంలో మూడు ముక్కలు. ఆ మూడు ముక్కల వెనక ఇంత అందం ఉందని ఎవరికి తెలుసు? అందుకని నాలుగు జింక్ సల్ఫేట్. ఐదోది మొండిది, ఎంత వేసినా కదల్లేదు. అది మెగ్నీషియం సల్ఫేట్. ఖాయం చేసుకునే ఆఖరి పరీక్షకి కావాల్సిన సీసాలు ఇక్కడ ఖాళీగా ఉన్నాయి, కానీ అవసరం లేదనుకుంటా.

ఆరింటికి ఆరు అని రాయండి, గోడకి అంటించుకుంటాను.

మీ శిష్యురాలు

---

ఫిబ్రవరి 4

కోడలా,

ఆరింటికి నాలుగు.

ఒకటి, రెండు, మూడు, ఆరు ఒప్పు. మూడుకీ ఆరుకీ తేడా పట్టావు చూడు, అందుకు వీపు తట్టానని అనుకో.

నాలుగు, ఐదు తారుమారు చేశావు. నాలుగు మెగ్నీషియం. ఐదు జింకు.

బాధపడకు, ఇది కొత్త జబ్బేం కాదు. ముప్పై ఏళ్ళుగా ఏటా ఒక పిల్ల ఈ రెండింటి దగ్గరే బోల్తా పడుతోంది. ఆ పిల్ల కోసం గుమ్మం పక్కన నిలబడి నేనే ఎదురుచూసేదాన్ని, ఈ ఏడు ఎవరా అని. ఈ ఏడు నువ్వు. పరీక్షలో కాకుండా ఇక్కడే పడ్డావు, మంచిదే.

మళ్ళీ చెయ్యి. తొందరపడకుండా చెయ్యి. నీ ఉత్తరంలో మాటలు ఎక్కువ, చుక్కలు తక్కువ ఉన్నాయి. అందం చూస్తూ కూర్చుంటే కళ్ళు కావాల్సిందే చూస్తాయి.

మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పైఅంతస్తు వాళ్ళు నీళ్ళ మోటారు వేస్తే ఇంటి నేలంతా అదురుతుంది, దాన్నిబట్టే నాకు పొద్దున ఏడైందని తెలుస్తుంది. మీ నాన్నకి కూడా ఒక కార్డు రాశాను, పిల్ల బాగా కష్టపడుతోంది, తెల్లవి రెండింటి దగ్గరే తడబడుతోందని.

అత్తయ్య

---

ఫిబ్రవరి 12

అత్తయ్యకి,

మళ్ళీ చేశాను. మూడుసార్లు చేశాను. నాలుగోది కరుగుతోంది. ఐదోది కరగడం లేదు. ఇప్పుడు పొట్లాల్లో చిటికెడు కూడా మిగల్లేదు.

లెక్కల సారుని పిలిచి చూపించాను. "నాకు ముందు తెల్లగా ఉంది, ఇప్పుడు తెల్లగా లేదు. అంతకంటే సాక్ష్యం చెప్పలేను" అన్నారు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

మీరు నాన్నకి ఆ కార్డు ఎందుకు రాశారు? భోజనాల దగ్గర గట్టిగా చదివారు. "విన్నావా? మా అక్కే రాసింది. ముప్పై ఏళ్ళు అందులో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడే తడబడుతోందని అంటే ఇక నేనేం అనాలి?" అన్నారు. అమ్మ "చదువుకోనివ్వండి" అంటే, "చదువుకోనిస్తూనే ఉన్నాను కదే, మూడేళ్ళుగా" అన్నారు. కష్టపడుతోందని మీరు రాసిన ముక్క ఆయన చదవలేదు. అది కార్డు రెండో పక్కన ఉంది.

ఈ ఇంట్లో నా తరఫున మీరొక్కరే ఉన్నారనుకున్నాను.

నాలుగు రోజులుగా పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ మాటలు కనిపించడం లేదు. ఏది చూసినా, నిజంగా చూశానా అని అనుమానం. పొద్దున అద్దంలో బొట్టు పెట్టుకుంటూ కూడా రెండోసారి చూసుకున్నాను. మీ చేతిని నమ్మాలా, నా కళ్ళని నమ్మాలా, చెప్పండి. రెండూ ఒకేసారి నమ్మడం నాకు చేతకావడం లేదు.

మీ మేనకోడలు

---

ఫిబ్రవరి 19

నా తల్లీ,

ఆ కార్డు రాసిన చెయ్యి విరిగిపోనూ. గొప్పగా చెబుతున్నాననుకున్నాను. మీ నాన్న చిన్నప్పటినుంచీ అంతే, దేన్లోనైనా తనకి కావాల్సిన ముక్క కత్తిరించుకుని మిగతాది పారేస్తాడు. నిన్ననే ఇంకో కార్డు రాశాను. ఈసారి ఒకే పక్క రాశాను, అదీ పెద్దక్షరాలతో: "నా కోడలు పాసవుతుంది. నోరు మూసుకో."

ఇప్పుడు విను. నువ్వు కాస్టిక్ గరిటెలతో పోస్తున్నావు. గ్లాసెడు పాలలో బిందెడు నీళ్ళు పోస్తే తెలుపు పోతుంది. పాలు కరిగిపోయాయంటామా? పల్చబడ్డాయి. నాలుగో దాంట్లో జరిగేది అదే. ట్యూబు ఎత్తి కిటికీకేసి పట్టి చూడు, అడుగున మసక ఉంటుంది. ఐదో దాంట్లో భయపడి చాలినంత పోయలేదు, అందుకే అది మొండికేసింది. ఈ రెండు తప్పులూ ఒక్కరే చెయ్యడం నేను చాలామందిలో చూశాను.

నన్ను నమ్మాలా, నీ కళ్ళని నమ్మాలా అని అడిగావు. నాలుగో పొట్లం నేను కట్టాను. సీసా దించి, చెంచాతో తీసి, మూత పెట్టి, అప్పుడే మడత పెట్టాను. రెండో సీసా ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కున్నాను. అందులో ఉన్నది మెగ్నీషియమే. నా ముప్పై ఏళ్ళూ దానిమీద పందెం కాస్తాను.

నీ కళ్ళకి ఇంకా పద్దెనిమిదేళ్ళే, తల్లీ. వాటికి తొందరెక్కువ.

ఉత్తరం రాయడం మానకు. ఈ ఇంట్లో మాట్లాడేది మీరిద్దరే, నువ్వూ నీళ్ళ మోటారూ.

అత్తయ్య

---

మార్చి 9

అత్తయ్యా! అత్తయ్యా!

ప్రాక్టికల్ అయిపోయింది. నేరుగా పోస్టాఫీసుకి వచ్చి ఇక్కడి బల్లమీదే రాస్తున్నాను. గమ్ము సీసాలో ఎవరో పెన్ను ముంచినట్టున్నారు, అక్షరాలు అంటుకుంటే క్షమించండి.

ముందుగా, మీమీద అలిగినందుకు గుంజీళ్ళు తీస్తున్నాను. మీ ఉత్తరం వచ్చినప్పటినుంచి ఒకటే అనుకున్నాను: నేను రెండు నెలలుగా చూస్తున్నది మీరు ముప్పై ఏళ్ళు చూశారు. ఇక వాదించకూడదు.

హాలు పెద్దది. కుళాయి ఒకటి కారుతూనే ఉంది. పరీక్ష చూడ్డానికి వచ్చిన సారు చెప్పులు కిర్రుకిర్రుమంటున్నాయి, ఆయన దగ్గరికొస్తే ముందే తెలిసిపోతుంది. నా చేతిలో పెట్టిన లవణం చూశాను. తెల్లటి పలుకులు! అదే కవలల్లో ఒకటి!

ఊపిరి వదిలాను. చెయ్యి వణకలేదు. బేరియం క్లోరైడ్ వేశాను, సల్ఫేట్ అని తేలింది. కాస్టిక్ వేశాను. తెల్లటి అవక్షేపం. ఇంకా వేశాను. పోయింది. మనం పేపరు మీద మూడు గళ్ళు గీయాలి కదా, ఏం చేశాం, ఏం చూశాం, దాన్నిబట్టి ఏం తేలింది అని. చూసిన గడిలో "ఎక్కువ వేసినప్పుడు కరిగింది" అని రాసేశాను. పెన్ను ఎత్తగానే మీరు గుర్తొచ్చారు. పాలూ, బిందెడు నీళ్ళూ! ట్యూబు ఎత్తి కిటికీకేసి పట్టుకున్నాను. చాలాసేపు చూశాను. అడుగున మసక ఉంది. ఉన్నట్టే ఉంది. రాసిన వాక్యం కొట్టేసి "కరగలేదు, పల్చబడింది" అని రాశాను. తర్వాత మెగ్నీషియంకి చేసే ఫాస్ఫేట్ పరీక్ష కూడా చేశాను. తెల్లగా వచ్చింది. ఇంకేం కావాలి? మెగ్నీషియం సల్ఫేట్ అని రాసి కింద రెండు గీతలు గీశాను.

బయటికొచ్చాక నా పక్క బల్ల అమ్మాయి "నాది జింకు. మనిద్దరిదీ ఒకే సీసాలోంచి తీశారు, చూశాను. ఎంత బాగా కరిగిందో కదా!" అంది. పాపం, ఆ అమ్మాయికి మీలాంటి అత్తయ్య లేదు.

థియరీ పరీక్షలు పదమూడు నుంచి, నా కెమిస్ట్రీ ఇరవై రెండున. ఈ నెలలో మొదటిసారి ఆకలేస్తోంది.

పాస్ కాబోయే,
మాటలమూట

---

మార్చి 17

కోడలా,

నీ ఉత్తరం అందింది. ఒక పని చెయ్యి. నేను పంపిన పొట్లాల కాగితాలు పారేశావా? ఉంటే నాలుగు, ఐదు అని నువ్వు పెన్సిలుతో రాసుకున్నవి రెండూ నాకు పంపు. చదును చెయ్యకు, పుస్తకంలో పెట్టకు. ఎలా ఉన్నవి అలాగే కవర్లో పెట్టు.

ఆ అమ్మాయి చెప్పింది ఎవరికీ చెప్పకు.

థియరీ బాగా రాయి. ఇంకేమీ ఆలోచించకు.

అత్తయ్య

---

మార్చి 25

అత్తయ్యకి,

కాగితాలు పంపిస్తున్నాను. పారెయ్యలేదు. ఏదో పాత ప్రశ్నపత్రం చింపి కట్టారు కదా, వెనక ఉన్న మాటలు చదువుకోవడానికి దాచుకున్నాను.

థియరీ అయిపోయింది. బాగా రాశాను. ఉత్పతనం మీద నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది.

వీటిని ఎందుకు అడిగారో మీరు రాయలేదు. నేనూ అడగడం లేదు. ట్యుటోరియల్ ల్యాబ్ తాళం మొన్న తిరిగి ఇచ్చేశాను. ఇచ్చే ముందు పైఅలమరాలో అడుగున ఒక సీసా దొరికింది, దాని మీద జింక్ సల్ఫేట్ అని స్పష్టంగా రాసుంది. అందులోంచి చిటికెడు తీసి కాస్టిక్ వేసి చూడొచ్చు. ఒక్క నిమిషం పని. చాలాసేపు సీసా పట్టుకుని నిలబడ్డాను. చూడకుండానే మళ్ళీ పైన పెట్టేశాను.

మీ మేనకోడలు

---

ఏప్రిల్ 3

తల్లీ,

కాగితాలు వచ్చిన రోజు కిటికీ దగ్గర కూర్చున్నాను. మడత విప్పినా, తడిసినా, కాగితం మీద గీత ఉండిపోతుంది. నువ్వు "నాలుగు" అని రాసిన కాగితం మీద ఐదు గీతలున్నాయి. ఒకటి తడికి బాగా చెదిరింది, వెలుతురుకి పడితేనే కనిపిస్తుంది. నువ్వు "ఐదు" అన్నదాని మీద నాలుగు మడత గీతలు, ఒకటి నలిగిన గీత. ఏడుసార్లు లెక్కపెట్టాను.

నీ చేతిలో ఉన్నది జింకే. మొదటి రోజునుంచీ జింకే. కరిగిందన్నావు, కరిగింది.

మూలలు విచ్చుకున్నాయని జనవరిలోనే రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరుంది. చదివాను. మడతలకి జలుబు అన్నావని నవ్వుకుని పక్కన పెట్టాను. నా మడత విడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. ముప్పై ఏళ్ళ గొప్ప కొట్టుకున్నాను కదా, ఆ గొప్పే నీ నెత్తిన కొట్టింది. నీ ఫాస్ఫేట్ పరీక్ష గురించి పాత లెక్చరరమ్మ ఇంటికెళ్ళి అడిగాను. జింకుకి కూడా ముందు తెల్లగా వస్తుందట, అమ్మోనియా ఇంకా వేస్తే పోతుందట. అది నాకు తెలియదు. తెలియనిది నాకు ఇంకెంత ఉందో.

బోర్డు ఆఫీసుకి వెళ్ళాను. రెండు బస్సులు మారాను. కిటికీ వెనక ఉన్నాయన "మీరేమవుతారు?" అన్నాడు.

"మేనత్తని."

ఏదో చెప్పాడు, వినిపించలేదు. గట్టిగా చెప్పాడు, వినిపించలేదు. లైనంతా విన్నది, నేను తప్ప. చివరికి చీటీ మీద రాసిచ్చాడు: ప్రాక్టికల్స్‌కి మళ్ళీ దిద్దడం ఉండదు.

"బాబూ, తప్పు పిల్లది కాదు, నాది. నేను ముప్పై ఏళ్ళు ల్యాబులో చేశాను" అన్నాను.

ఆ చీటీ మళ్ళీ లాక్కుని కింద ఇంకో ముక్క రాశాడు: "మరి మీకు తెలియాలి కదమ్మా."

మీ నాన్నకి అంతా రాస్తాను. రెండు పక్కలా రాస్తాను. నువ్వు రెండేళ్ళూ మళ్ళీ చదువుకో, నా పెన్షన్ ఉంది. ఇక్కడికొచ్చి నాతో ఉండు. తప్పు నాది, నీది కాదు. ఇది ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు రాస్తాను.

జవాబు రాయి. తిట్టయినా రాయి.

అత్తయ్య

---

మే 21

అత్తయ్యకి,

మీ మూడు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయనందుకు మరోలా అనుకోకండి.

ఫలితాలు వచ్చాయి. థియరీలో డెబ్భైకి యాభై ఆరు. ప్రాక్టికల్ పోయింది. పాస్ మార్కుకి మూడు తక్కువ. కెమిస్ట్రీ మేడమ్ బిడ్డనెత్తుకుని ట్యుటోరియల్‌కి వస్తే కనుక్కున్నాను. లవణం పేరు తప్పయినా, మధ్య గడిలో చూసింది సరిగ్గా రాస్తే దానికి విడిగా మార్కులుంటాయట. కొట్టేసిన వాక్యానికి ఇవ్వరట.

చెకింగ్ సెక్షన్లో చేరి తొమ్మిది రోజులైంది. కాలర్లు చూడాలి. బల్లలు పొడుగ్గా ఉంటాయి. నాన్న మీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. పొద్దున ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ఆయన సైకిలు తొక్కుతారు, నేను రెండు క్యారేజీలూ పట్టుకుని వెనక కూర్చుంటాను.

అక్కడికి రమ్మన్నారు. రాలేను. మళ్ళీ మొదటినుంచి చదవమన్నారు. పుస్తకాలు అమ్మ అటక మీద పెట్టింది, దించమని నేను అడగలేదు.

తప్పు మీదని రాస్తున్నారు. మడత సంగతి వరకు సరే, ఒప్పుకుంటాను. నాది కాదని మాత్రం ఇక రాయకండి. ఆ ల్యాబులో నాలుగుసార్లు, పరీక్షలో ఒకసారి, ఐదుసార్లు నా కళ్ళముందే కరిగింది. అడుగున మసక లేదు. ఉన్నట్టు చూశాను. వాక్యం కొట్టేసేటప్పుడు ఆ గదిలో మీరు లేరు అత్తయ్యా, నేనొక్కదాన్నే ఉన్నాను.

మోకాళ్ళకి మందు రాసుకుంటున్నారా?

మీ మేనకోడలు